సెక్రటరీ గారి కుక్క, మా వదిన పగ

మా వదిన సోఫాలు బాగుచేస్తుంది. స్ప్రింగులు కుంగిపోయి, కూర్చున్న మనిషిని నడుం దాకా మింగేసే సోఫాలన్నీ ఆవిడ షెడ్డుకి చేరతాయి. మేకులు పీకి, పాత గుడ్డ ఒలిచి, అడుగున గోనెపట్టా బిగించి, దూది కూరి, వంకర సూదితో అంచులు కుట్టి పంపిస్తుంది. ఆ పనికి ఓపిక కావాలి, చేతుల్లో సత్తువ కావాలి. వదినకి రెండూ ఉన్నాయి. లేనిదల్లా మరుపు. ఎవరైనా ఒక మాటంటే, ఆ మాట ఏ కుర్చీలో కూర్చుని అన్నారో కూడా ఆవిడకి గుర్తుంటుంది.

"దీనితో గొడవ పెట్టుకోవడం కంటే పాము తోక తొక్కడం నయం. పాము కాటుకైతే మందుంది" అంటాడు మా అన్నయ్య. సిటీ బస్సు నడుపుతాడు. పగలంతా హారన్ల మోతలో ఉంటాడు కాబట్టి, ఇంటికొచ్చాక ఎవరూ గట్టిగా మాట్లాడకపోతే అదే పదివేలనుకుంటాడు. నేను వాళ్ళ దగ్గరే ఉంటాను, మందుల షాపులో పనిచేస్తాను. వదిన నన్ను ఆడపడుచులా చూడదు. సగం కుట్టి పక్కన పెట్టిన కుర్చీలా చూస్తుంది, ఇంకా చాలా పనుందన్నట్టు.

ఇంతకీ మసి సంగతి చెప్పాలి. షెడ్డు వెనక చెక్కపొట్టు గుట్టలో దొరికిన కుక్కపిల్ల అది. ఒళ్ళంతా నలుపు, ముట్టుకుంటే చేతికంటుతుందేమో అన్నంత నలుపు, అందుకే ఆ పేరు. వదిన కుడుతుంటే కాళ్ళ దగ్గర పడుకునేది. సాయంత్రం ఇద్దరూ షికారు పోయేవాళ్ళు. పిల్లలు లేని ఇంట్లో అది పిల్లయిందని చుట్టాలు గుసగుసలాడుకునేవాళ్ళు. వదిన వినేది, ఊరుకునేది.

మేముండే మేడకి ఒక సంఘం ఉంది, దానికో సెక్రటరీ ఉన్నాడు. ఏదో గోడౌన్లో సూపర్‌వైజరుగా చేసి రిటైరైన మనిషి. గోడౌన్లో మూటల్ని ఎలా చూశాడో మేడలో మనుషుల్నీ అలాగే చూసేవాడు, ఎవరు ఎక్కడుండాలో తనే చెప్పాలి. ఒకరోజు లిఫ్టు దగ్గర వదినని ఆపి, "కుక్కలు మెట్ల మీద నుంచే వెళ్ళాలి" అన్నాడు. అప్పటికే లిఫ్టులో నలుగురున్నారు. వదిన మసిని తీసుకుని లోపలికెక్కి, తలుపు మూసుకుంటుండగా, "ఈ లిఫ్టు మీ తాతగారు కట్టించిందేమో, తెలీక ఎక్కామండీ" అంది. లోపలున్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆ నవ్వు మేడంతా వినబడింది.

ఆయనా మరిచిపోయే రకం కాదు. నెల తిరక్కుండా సంఘంలో ఒక రూలు తెచ్చాడు. ఎవరూ వెంట లేకుండా ఆవరణలో తిరిగే కుక్కని, పగలంతా మొరిగి జనాన్ని విసిగించే కుక్కని, మునిసిపాలిటీ కుక్కల బండికి అప్పజెప్పవచ్చట. మేం ఎవరం పట్టించుకోలేదు. మా కుక్క మా ఇంట్లోనే కదా ఉండేది.

ఒక మధ్యాహ్నం వదిన సోఫా ఒకటి దిగబెట్టడానికి వెళ్ళింది. నేను షాపుకి బయల్దేరుతూ తలుపు సరిగ్గా వెయ్యలేదో, గడియే పడలేదో, మసి కిందికి దిగి మెట్ల కింద చల్లగా ఉందని పడుకుంది. సెక్రటరీ చూశాడు. బండికి ఫోన్ చేశాడు. మేం తిరిగొచ్చేసరికి కుక్క లేదు. అడిగితే, "మెడలో పట్టీ లేదు. ఎవరి కుక్కో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. మసి మెడలో ఎర్ర రెక్సిను పట్టీ ఉండాలి. వదిన తన చేత్తో కుట్టింది. ఊడిపోయే కుట్టు కాదది.

ఊరవతల కుక్కల షెడ్డులో మసి దొరికేసరికి దానికి రోగం అంటుకుంది. ఇంటికి తెచ్చుకున్నాం. మా షాపులో ఉన్న మందులన్నీ తెచ్చి పోశాను. నీళ్ళు కూడా నిలవలేదు దానికి. వదిన షెడ్డులో, కుట్టుమిషను కిందే పోయింది. వదిన ఏడవలేదు. అన్నయ్య ఏడ్చాడు.

కొన్నాళ్ళకి వాచ్‌మన్ మెట్ల మీద నన్నాపి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. "పట్టీ ఆయనే విప్పారమ్మా. విప్పి చెత్తడబ్బాలో పడేశారు. నా కళ్ళతో చూశాను. నేను చెప్పానని మాత్రం అనకండి, నా పొట్ట కొట్టకండి."

నేను వదినకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. ఆవిడ స్పాంజి కోస్తోంది. కోత ఆపలేదు, వంకర పోలేదు. "సరే" అంది. అంతే. ఆ రోజు రాత్రి భోజనం దగ్గర కూడా ఒక్క మాట లేదు. అన్నయ్యా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వదిన కేకలేస్తే భయం లేదు. ఊరుకుంటేనే భయం.

ఆ తర్వాత సెక్రటరీకి మోకాలు ఆపరేషనైంది. వేరే చోట ఉంటున్న వాళ్ళ అమ్మాయి వచ్చి చూసుకుంది. తండ్రి ఒక్కడే ఉంటాడు, కుర్చీలోంచి లేవడు, ఒంట్లో షుగరుంది. కుక్కుంటే దానికోసమైనా నడుస్తాడని ఆ అమ్మాయి ఆలోచన. గోధుమరంగు మచ్చలున్న ఒక తెల్ల కుక్కని తెచ్చి చేతిలో పెట్టింది. ఆయన దానికి బుల్లెట్ అని పేరు పెట్టాడు. అదేమో గాలికి కాగితం ఎగిరినా గోడకి నక్కే రకం.

కాలు కుదుటపడేదాకా దాన్ని తిప్పేవాళ్ళు కావాలి కదా. ఆ అమ్మాయికి పాత సంగతులేవీ తెలీవు. లిఫ్టులో వదినని పట్టుకుని, "అక్కా, మీకు కుక్కలు బాగా అలవాటట. సాయంత్రం ఒక్కసారి తిప్పి తేగలరా?" అని అడిగింది.

"దానికేం భాగ్యం" అంది వదిన.

నేనూ అదే లిఫ్టులో ఉన్నాను. ఇంట్లోకి రాగానే, "నీకేమైనా మతిపోయిందా వదినా? ఆయన కుక్కనా?" అన్నాను.

వదిన చెప్పులు విప్పి, ఒకదాని పక్కన ఒకటి సర్ది, నా వైపు తిరిగింది. "నా కుక్కని నాకు కాకుండా చేశాడు. వాడి కుక్కని వాడికి కాకుండా చేస్తా."

సెక్రటరీ మొదట జంకాడట. తర్వాత వాచ్‌మన్‌తో, "పాపం, మనసులో ఏమీ పెట్టుకోలేదయ్యా ఆవిడ. మంచి మనిషి" అన్నాడట. ఆ మాట చెవిన పడితే వదిన నవ్వింది. ఆ నవ్వు చూసి నేను వంటింట్లోకి తప్పుకున్నాను.

మొదటి వారం నేనూ వెంట వెళ్ళాను. కుక్కని తిప్పడమంటే తాడు పట్టుకుని వీధి చివరిదాకా పోయి రావడమే అనుకునేదాన్ని. వదిన తాడు పొడుగ్గా వదిలేసింది. అది ఎక్కడ ఆగితే అక్కడ ఆగింది. ఒక కరెంటు స్తంభం దగ్గర అది ఎంతసేపు మూతి పెట్టిందంటే, నన్ను దోమలు కుట్టి కుట్టి పోయాయి. "లాగు వదినా, ఏముంది అక్కడ" అన్నాను.

"చేత్తో తడిమి చూడకుండా నువ్వు గుడ్డ కొంటావా? దానికి ముక్కే చెయ్యి. తడమనీ."

నాలుగు దార్లు కలిసేచోట నిలబడి, "ఎటు?" అని దాన్నే అడిగేది. అది ఎటు తల తిప్పితే అటే మా ప్రయాణం. ఇరవై ఏళ్ళుగా ఈ పేటలో ఉన్నాను, ఆ కుక్క తీసుకెళ్ళిన సందులు కొన్ని నేనెప్పుడూ చూడలేదు. మూతబడ్డ ప్రింటింగ్ ప్రెస్ ముందు పొట్టి గోడ ఉంటే దానిమీద ఎక్కించి నడిపించేది. మొదట్లో కాళ్ళు వణికేవి దానికి. తర్వాత అదే గోడ కనబడగానే లాక్కెళ్ళేది. కాసేపు పరుగు, ఉన్నట్టుండి నత్తనడక, మళ్ళీ పరుగు. కుక్క మొహం పైకెత్తి ఆవిడనే చూస్తూ నడిచేది, ఇప్పుడేం చేస్తుందా అని. షెడ్డులోంచి రెక్సిను పీలికలు తెచ్చి, ఒక్కో ముడిలో చిన్న మాంసం ముక్క పెట్టి, గడ్డిలో ఇటుకల సందుల్లో దాచి, "వెతుకు" అనేది. దొరికితే ఇద్దరికీ పండగే. ఆవిడ చెట్టు చాటున దాక్కుని పిలిచేది, అది చెవులు రిక్కించి వాసన పట్టుకుంటూ వచ్చి మీద పడేది.

పిలిచేది కూడా బుల్లెట్ అని కాదు. దూది అని పిలిచేది.

"పేరు కూడానా?" అన్నాను.

"పేరే ముందు" అంది.

ఒకరోజు అది ముడి నోట కరుచుకొచ్చి, విప్పుకు తినకుండా, వదిన పాదం మీద పెట్టి కూర్చుంది. మసి అలాగే చేసేది. వదిన మొహం ఎర్రబడిపోయింది. "తిను, తిని చావు!" అని కసిరింది. కుక్క బెదిరిపోయి వెనక్కి జరిగింది. ఆవిడ దాని వైపు చూడకుండా చరచరా నడిచింది. ఇల్లు చేరేముందు మాత్రం వంగి, దాని చెవి వెనక ఒక్కసారి నిమిరింది. నేను చూడలేదనుకుంది.

మోకాలు బాగుపడింది. ఇక నేనే తిప్పుకుంటానన్నాడు సెక్రటరీ. కొత్త బూట్లు వేసుకుని, తాడు పట్టుకుని, "పద బుల్లెట్!" అన్నాడు. కుక్క గేటు దగ్గర కూలబడింది. "బుల్లెట్!" చెవి కూడా ఆడలేదు. అదే సమయానికి వదిన మెట్లు దిగి వస్తోంది. కుక్క తాడుతో సహా ఆయన్ని ఈడ్చుకుంటూ ఆవిడ మీదికి ఉరికింది. ఆయన గేటు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. వదిన దాని తల మీద చెయ్యి కూడా వెయ్యకుండా, "మీ కుక్కండీ, పట్టుకోండి" అని వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు చూశాడాయన. ఐదో రోజు మా తలుపు కొట్టాడు. నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. ప్రతి మాటా వినబడింది.

"ఏం మంత్రం వేశావమ్మా? నాతో అడుగు తీసి అడుగు వెయ్యదు. మా అమ్మాయేమో రోజూ ఫోన్ చేసి నడిచారా నడిచారా అంటుంది. కాస్త నాకూ చెప్పు."

"తప్పు నాదేనండీ" అంది వదిన. గొంతులో తేనె. "చనువెక్కువ ఇచ్చేశాను. కుక్కని నెత్తికెక్కించుకోకూడదు. తాడు పొట్టిగా పట్టుకోండి. వాసన చూడనివ్వకండి, మూతి దించితే లాగండి. రోజూ ఒకటే దారి. మధ్యలో ఆగొద్దు, దాంతో మాట్లాడొద్దు. మీరు యజమానని దానికి తెలియాలి."

"అదీ మాట! నేనూ అదే అనుకున్నాను" అన్నాడాయన. "ఎంత బాగా చెప్పావమ్మా" అని రెండుసార్లు అని వెళ్ళాడు.

నేను గిన్నె పక్కన పెట్టి వచ్చాను. "వదినా, అన్నీ తలకిందులుగా చెప్పావు కదా!"

"ఆయన అడిగాడు, నేను చెప్పాను" అంది వదిన. "చేతనైతే నడుపుకోమను."

ఆ సాయంత్రం నుంచి వదినకి బాల్కనీలో కూర్చుని టీ తాగడం అలవాటైంది. కింద సెక్రటరీ బిగించి పట్టిన తాడు, తల వేలాడేసుకున్న కుక్క, మేడ నుంచి పాలబూత్ దాకా, పాలబూత్ నుంచి మేడ దాకా. కుక్క గోడ వైపు మూతి తిప్పగానే ఒక గుంజు. వదిన సినిమా చూసినట్టు చూసేది. ఒకసారి ఆయన ఆయాసపడి పాలబూత్ అరుగు మీద కూర్చుని, ఏదో అంటూ కుక్క వైపు చెయ్యి చాపాడు. అది మొహం తిప్పేసుకుంది. వదిన టీ కప్పు కింద పెట్టి, "అదీ" అంది.

అన్నయ్య ఒక్కసారే అడిగాడు. "పగ ఆయన మీదైతే శిక్ష దానికెందుకే?"

"మీరు బస్సు నడుపుకోండి" అంది వదిన.

కానీ కుక్క పాడైపోతోంది. పగలంతా మొరిగేది. మొరిగి మొరిగి గొంతు బొంగురుపోయి, మళ్ళీ మొరిగేది. ముందుకాలు అదే పనిగా నాకి నాకి, బొచ్చు ఊడి, చర్మం పచ్చిపుండైంది. సెక్రటరీ పాపం మా షాపుకొచ్చి నన్నే మందడిగాడు. ఇచ్చాను. ఇస్తూ ఆయన కళ్ళలోకి చూడలేకపోయాను. ఇంటికొచ్చి వదినతో చెప్పాను.  మర్నాడు ఆవిడ బాల్కనీలోకి రాలేదు. టీ వంటింట్లోనే నిలబడి తాగేసింది.

ఆ ఆదివారం సంఘం మీటింగు. కింద కార్లు పెట్టేచోట ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నీళ్ళ సంగతీ లిఫ్టు సంగతీ అయ్యాక, మూడో అంతస్తు టీచరమ్మ లేచింది. "సెక్రటరీ గారూ, ఏమీ అనుకోకండి. మీ కుక్క మొరుగుడుతో మా పిల్లలు చదవలేకపోతున్నారు. మీరు పెట్టిన రూలే కదా, పగలంతా మొరిగితే బండికివ్వాలని?"

అవునవునన్నారు పక్కవాళ్ళు. రూలు రూలేనన్నాడొకాయన.  సెక్రటరీ ఎప్పుడూ తన ముందు పెట్టుకునే బల్లని రెండు చేతులతో పట్టుకున్నాడు. "అది... దానికి కాలు బాగోలేదండీ. కొంచెం టైమివ్వండి" అన్నాడు. ఆ గొంతు ఆయనది కాదన్నట్టుంది.

అప్పుడు టీచరమ్మే అంది. "సోఫాల అక్కయ్యని అడుగుదాం. పోయిన ఏడు వాళ్ళ కుక్కే కదా ఆ బండెక్కి పోయింది. ఆవిడ ఏమంటే అది."

అందరూ వెనక్కి తిరిగారు.  ఇంతకంటే ఏం కావాలి వదినకి? అడక్కుండానే పళ్ళెంలో పెట్టి ఇస్తున్నారు. అదే బండి, అదే కుక్కల షెడ్డు. ఊ అంటే చాలు.

వదిన లేచి ముందుకొచ్చింది. సెక్రటరీకి ఎదురుగా నిలబడింది.

"మా మసి మెడలో పట్టీ ఎవరు తీశారండీ?"

వాచ్‌మన్ గేటు వైపు తిరిగిపోయాడు. వదిన అటు చూడనే లేదు. ఆయన్నే చూస్తోంది. ఆయన తలొంచుకున్నాడు. పెదాలు కదిలాయి.

"వినబడలేదు."

"నేనే" అన్నాడు.

"వెనకవాళ్ళకి వినబడలేదండీ. ఏం చేశారో మొత్తం చెప్పండి."

"నేనే తీశానమ్మా. తీసి చెత్తలో పడేశాను. ఎవరి కుక్కో నాకు తెలుసు. తెలిసే బండిని పిలిచాను." బల్ల అంచు గోటితో గీకాడు. "లిఫ్టు దగ్గర అందరూ నవ్వారని."

 టీచరమ్మ కూర్చుండిపోయింది.

వదిన బల్ల దగ్గరికి ఇంకో అడుగు వేసింది. "ఇప్పుడు నాది వినండి. మీకు నేను చెప్పినవన్నీ తలకిందులు. తాడు పొట్టిగా పట్టమన్నాను, వాసన చూడనివ్వొద్దన్నాను, మాట్లాడొద్దన్నాను. మీ కుక్క మిమ్మల్ని అసహ్యించుకోవాలని చెప్పాను. మీరు గుడ్డిగా చేశారు. దాని కాలు పుండు చేసింది మనిద్దరం కలిసి." జనం వైపు తిరిగింది. "ఇది బండెక్కదు. రేపట్నుంచి సాయంత్రాలు నేను తిప్పుతాను. మొరిగితే నన్నడగండి." మళ్ళీ ఆయన వైపు తిరిగి, "మీరూ రావాలి. నా వెనక" అంది.

అన్నయ్య చప్పట్లు కొట్టబోయి, వదిన మొహం చూసి చేతులు దించుకున్నాడు.

మర్నాటి నుంచి మా పేటకి ఆ సాయంత్రాలు వినోదమైపోయాయి. అంత లావు మనిషి, గోడౌన్ని గడగడలాడించిన మనిషి, వదిన వెనకాల నడిచేవాడు. వదిన ఆయనతో నేరుగా మాట్లాడేది కాదు. చెప్పాల్సింది కుక్కకి చెప్పేది. "దూదీ, తాడు వదులు చెయ్యమని చెప్పవే." "దూదీ, స్తంభం దగ్గర తొందరేమిటని అడగవే." ఆయన గబగబా వదులు చేసేవాడు. ముడుల్లో మాంసం ముక్క పెట్టి ఇటుకల మధ్య వంగి దాచేవాడు, నడుం పట్టుకుని లేచేవాడు. దాక్కుని పిలవాల్సిన రోజు ప్రెస్ గోడ వెనక నక్కి, "బుల్లెట్" అన్నాడు. కుక్క గడ్డి వాసన చూసుకుంటోంది. "దూదీ, నిన్నెవరో పిలుస్తున్నట్టున్నారు, నీ పేరు తెలీదేమో" అంది వదిన. కాసేపటికి గోడ వెనక నుంచి బొంగురు గొంతు వచ్చింది, "దూదీ... ఒసే దూదీ". కుక్క తలెత్తింది. పరుగెత్తింది. ఆయన మీద రెండు కాళ్ళూ వేసి మొహం నాకేసింది. ఆయన అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. వదిన అటు తిరిగి నిలబడింది.

పుండు మానింది, బొచ్చు మొలిచింది, మొరుగుడు తగ్గింది. కొన్నాళ్ళకి వాళ్ళ అమ్మాయి వచ్చింది. మీటింగులో జరిగిందంతా ఎవరో చెప్పేశారు. మా ఇంటికొచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అక్కా, నాకేం తెలీదక్కా. నాన్న చేసిన దానికి ఏం చేసినా తీరదు. దూదిని మీరే ఉంచుకోండి. నాన్న కూడా ఒప్పుకున్నాడు. అదీ మీ దగ్గరే సుఖంగా ఉంటుంది."

నేను వదిన మొహమే చూస్తున్నాను. ఆవిడకి అది ఎంత కావాలో నాకు తెలుసు. షెడ్డులో మిషను కింద జాగా ఇంకా ఖాళీగానే ఉంది. అక్కడ ఆవిడ ఏ సామానూ పెట్టనివ్వదు.

"వద్దమ్మా" అంది వదిన. "నా దగ్గరుంటే మీ నాన్న హాయిగా మర్చిపోతాడు. ఆయన దగ్గరే ఉండాలి. పొద్దున్నే లేచి దానికి మెడ పట్టీ పెట్టాలి, రాత్రి విప్పాలి. పెట్టినప్పుడల్లా, విప్పినప్పుడల్లా, మా మసి గుర్తు రావాలి. ఆయన బతికున్నన్నాళ్ళూ."

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది.  వదిన లేచి, కుట్టు సంచీలోంచి నాలుగు రెక్సిను పీలికలు ఏరి ముడులు వెయ్యడం మొదలుపెట్టింది. షికారు వేళయింది. కింద మెట్ల దగ్గర సెక్రటరీ కుక్కతో నిలబడి ఉన్నాడు, పైకి చూస్తూ.